అప్పదాసుకు తొందరేమిటి?

మొన్న ఆదివారం మా మనవడు ఫోన్లో ‘మిథునం’ చూస్తున్నాడు. ఈ కాలప్పిల్లవాడు ఆ సినిమా చూస్తున్నాడే అని మురిసిపోయి పక్కన చేరాను. రెండు నిమిషాలు గడిచాయో లేదో ప్రాణం ఉసూరుమంది. వేగం ఒకటిన్నర రెట్లు పెట్టుకున్నాడు. అప్పదాసు వేషంలో ఉన్న బాలసుబ్రహ్మణ్యంగారు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేస్తున్నారు. మాటల్లేని చోటు వస్తే చాలు, వేలితో తట్టి పది సెకన్లు దాటేస్తున్నాడు.

“అక్కడ ఏమీ జరగట్లేదు తాతయ్యా” అన్నాడు.

మా రోజుల్లో ఊరి టూరింగ్ టాకీసులో ఒక్కటే ప్రొజెక్టరు. రీలు అయిపోతే లైట్లు వెలిగేవి. నేల టిక్కెట్టువాళ్ళం ఇసక గుట్టల మీద కూచుని, రెండో రీలు ఎక్కించేదాకా తెరమీది మనుషుల గురించి చెప్పుకునేవాళ్ళం. ‘అందాల రాముడు’ అలాగే చూశాను. 1973 నాటి సినిమా. గోదావరి మీద భద్రాచలం పోయే లాంచి, అందులో ప్రయాణికులు. లాంచి ఎంత నెమ్మదిగా పోతే కథా అంతే. ముళ్ళపూడివారి మాట, బాపుగారి బొమ్మ. “అతను అచ్చం మా పెదనాన్నే” అని ఒకరంటే, “కాదు, మా బడి మాస్టారు” అని ఇంకొకరు. రీలు మార్చే ఆ కాస్త సేపట్లో ప్రయాణికులందరూ మాకు చుట్టాలైపోయేవాళ్ళు.

ఇప్పుడు హాలుకు వెళితే గుండెల మీద గునపం దింపినట్టు ఆ మోత! కథానాయకుడు నడిచి రావడానికే పావుగంట. వాళ్ళమ్మ ఏం వండుతుందో, వాళ్ళ నాన్న పొద్దున లేచి ఏం చేస్తాడో మాత్రం సినిమా అయిపోయినా తెలియదు. ఒక మొహం కుదురుగా చూసేలోపు ఇంకో మొహం. మనిషిని మనిషిగా చూపించడానికి అంత భయమెందుకో!

2012 చివర్లో ‘మిథునం’ వచ్చినప్పుడు మా ఆవిడా నేనూ పొద్దుటాటకు వెళ్ళాం. తెరమీద ఇద్దరే ఇద్దరు, అప్పదాసూ బుచ్చిలక్ష్మీ. పిల్లలు విదేశాల్లో. ఇల్లు, పెరడు, పొయ్యి, తిండి మీద తగువులు, కాఫీ కోసం గునుపులు. రెండు గంటలు ఆ ఇంటి గడప దాటి రాబుద్ధి కాలేదు. వేల పాటలు పాడిన ఆ గొంతును బాలుగారు అప్పదాసుకు పూర్తిగా అప్పగించేశారు. సణుగుడూ, మారాం, భోజనం ముందు ఆ ఆత్రం, అన్నీ ఆ గొంతులోనే. ఇక బుచ్చిలక్ష్మిగా లక్ష్మిగారు. విసుక్కుంటూనే వడ్డించడం ఆవిడకు ఎవరూ నేర్పి ఉండరు. అది మన అమ్మలందరి దగ్గరా ఉన్నదే. పువ్వు కోసేటప్పుడూ, కూర కలిపేటప్పుడూ మనిషి గుణం బయటపడుతుందని నమ్మాడు దర్శకుడు తనికెళ్ళ భరణి. అందుకే కెమెరాను తొందరపెట్టలేదు.

అసలు బలమంతా శ్రీరమణగారి కథలో ఉంది. దాన్ని బాపుగారు ముచ్చటపడి మొదటి నుంచి చివరిదాకా తన దస్తూరీతో రాసుకున్నారు. మలయాళంలో ఎం.టి. వాసుదేవన్ నాయర్ 2000లోనే ‘ఒరు చెరు పుంచిరి’ అని సినిమా తీశారు. మన కథను వేరే రాష్ట్రంవాళ్ళు ముందు తీసుకుంటే మనకు మరో పన్నెండేళ్ళు పట్టింది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఆ కథలో బుచ్చిలక్ష్మి కోరిక ఒకటుంది. ఆయనే ముందు వెళ్ళిపోవాలని. పసుపు కుంకుమలతో పోవాలని మొక్కుకునే ఇల్లాళ్ళనే చూసినవాణ్ణి, మొదటిసారి చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. తను లేకపోతే ఆ మనిషికి వేళకు ఇంత ముద్ద ఎవరు పెడతారని ఆవిడ దిగులు. సినిమా అయ్యాక ఆటోలో మా ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు. ఇంటికొచ్చి చీర మార్చుకుని, పొయ్యి వెలిగించి, నా వైపు చూడకుండానే అంది: “బుచ్చిలక్ష్మి అనుకున్నదే రైటు.”

అప్పుడు ఏం జవాబు చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

“వేగం మామూలుగా పెట్టరా, మళ్ళీ మొదట్నుంచి చూద్దాం” అన్నాను మనవడితో. వాడు మొహం ముడుచుకున్నా పెట్టాడు. వంటింట్లోంచి మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి వాడికి అటుపక్కన కూచుంది.