పంపు పెట్టె మీది నాలుగు సూత్రాలు: టీకా తాత్పర్య సహితం

మూలం

గంటకు 3000 లీటర్లు. ఎత్తు 3 మీటర్లు. 50 వాట్లు. నీళ్లు లేకుండా నడపరాదు.

అవతారిక

నిన్నమొన్నటిదాకా నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరిన తడలో, నాలుగడుగుల అద్దాల తొట్టిలో రంగుచేపలను పెంచుకుంటున్న ఒకానొక గృహస్థుడు, తొట్టి కింది అరలో సంపు అమర్చి, అక్కడ వడకట్టిన నీటిని మళ్లీ పైకెక్కించే మోటారు కోసం సరిహద్దు దాటి చెన్నై కొళత్తూరు చేపల అంగళ్లకు పోయి, ఏ పెట్టె చూసినా అంకెలే కనబడి దిగ్భ్రాంతుడు కాగా, తత్సంశయ నివృత్తి కోసం ఈ వ్యాఖ్య ఆరంభింపబడుతున్నది.

ప్రతిపదార్థం

గంటకు 3000 లీటర్లు = పైపు తగిలించక, పైకి ఎక్కించక, ఊరికే తిప్పితే పారే నీరు; ఎత్తు 3 మీటర్లు = ఎక్కడికి చేరాక చుక్క కూడా బయటపడదో అది; 50 వాట్లు = రేయింబవళ్లు; నడపరాదు = నడుపుతారని తెలిసే చెప్పిన మాట.

తాత్పర్యం

మొదటి సూత్రం నిజమైన చోట రెండోది పనిచేయదు. రెండోది నిజమైన చోట మొదటిది సున్నా.

వ్యాఖ్య

ఎత్తును నేల నుంచి కాదు, సంపులోని నీటిమట్టం నుంచి తొట్టిలోకి నీళ్లు పడే మూతి దాకా కొలవాలి. అది మీటరున్నర అనుకుంటే మూడు వేలు ఇంచుమించు సగమవుతుంది. ఆపైన ఒక్కో ఎల్బో, ఒక్కో సన్నపైపు తన వాటా తీసుకుంటుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు గల తొట్టిలో పట్టేది దాదాపు 255 లీటర్లు. గంటకు అయిదు చుట్లు తిరిగితే చాలు, అంటే 1275 లీటర్లు. కనుక ఈ పెట్టె గృహస్థునికి సరిపోతుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు: "ఎందుకొచ్చిన లెక్కలు సామీ, అయిదు వేలదే కొంటే పోలా?" పోతుంది, నీళ్లు హాలులోకి పోతాయి. పైనుంచి సంపులోకి దిగే పైపు ఎంత మింగగలదో అంతే మోటారు ఎక్కించాలి. కొనేసినవాడు నీళ్లు బయటికొచ్చే వైపు వాల్వు పెట్టి బిగించుకోవచ్చు. పీల్చే వైపు మాత్రం కూడదు. వేగం తగ్గించుకునే డీసీ మోటారైతే ఈ బాధ లేదు, ధర బాధ ఉంటుంది.

మూడో సూత్రం సులభం. నెలకు 36 యూనిట్లు. నీళ్లలో మునిగి తిరిగే మోటారు గనుక దాని వేడి కూడా నీళ్లకే. తడ మే నెలలో చేపలకు ఆ ఉపకారం అక్కర్లేదు.

గ్రంథకర్త మౌనం వహించిన అసలు విషయం కరెంటు పోవడం. మోటారు ఆగగానే, ఎక్కించిన పైపు గుండానే తొట్టి నీళ్లు వెనక్కి దిగుతాయి. పైపు మూతి గాలికి తేలేదాకా ఆగవు. ఈ తొట్టిలో ఒక్క అంగుళం దిగితే దాదాపు 14 లీటర్లు. మూతి నాలుగంగుళాలు మునిగి ఉంటే 56. సంపులో అంత జాగా ఖాళీగా ఉందా? ఎదురు వాల్వు ఉందిగా అంటారు. దాని సందులో ఒక నత్తపిల్ల ఇరుక్కుంటే చాలు. నీటిమట్టానికి కాస్త కిందుగా పైపుకు చిన్న రంధ్రం చేయడం పెద్దల మార్గం, కాకుంటే అప్పుడప్పుడూ పాచి గీకాలి. మిచాంగ్ లాంటి తుఫాను డిసెంబరులో మీదికొచ్చే ఊళ్లో ఈ పరీక్ష కొన్నరోజే స్విచ్చి తీసి చేసుకోవాలి. పక్కనున్న పులికాట్ మాట వేరు. సముద్రపు పోటు ఒక్క వాటు ఖర్చు లేకుండా నీళ్లు తెచ్చిపోస్తుంది, రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడకుంటే.

నాలుగో సూత్రం: తొట్టిలో ఆవిరైన నీళ్లు తొట్టిలో తగ్గవు, సంపులో మోటారున్న గదిలోనే తగ్గుతాయి. అది గమనించక ఊరెళితే మోటారు గాలి పీల్చి, అరిచి, వేడెక్కి కాలిపోతుంది. ఉప్పునీటి తొట్టి అయినా సరే, ఆవిరైనదానికి మంచినీళ్లే పోయాలి; ఉప్పు ఆవిరి కాదు కదా. ఈ సూత్రమే వారంటీ కార్డు మీదా ఉంటుంది. అక్కడ దానికి భాష్యం దుకాణదారు చెబుతాడు, తమిళంలో.