మీకు ఫోనొచ్చింది!

సూర్యాపేట 08684, కోదాడ 08683, మిర్యాలగూడ 08689. ఈ ఎస్టీడీ కోడ్‌లు ఇప్పటికీ నోటికి వచ్చేవాళ్ళకు ఇంకో రెండక్షరాలు కూడా గుర్తుండి తీరాలి: పి.పి. పెళ్ళిపత్రిక మీదా, ఉద్యోగం దరఖాస్తు మీదా, విజిటింగ్ కార్డు మీదా నంబరు పక్కన ఆ రెండక్షరాలు కనిపిస్తే అర్థం ఒక్కటే. ఫోను మాది కాదు, ఎదురింటాయనది. చేస్తే పిలుస్తారు, కాస్త ఆగండి. ట్రంకు కాల్ రోజుల్లో ఫలానా మనిషినే లైన్లోకి పిలవమని అదనంగా రుసుము కట్టి బుక్ చేసుకునే పద్ధతి ఉండేది. టెలిఫోన్ శాఖ డబ్బులు తీసుకుని చేసే ఆ పనిని మన వీధులు ఊరికే చేసిపెట్టాయి. ఊరికే అంటే రూపాయలు లేకుండా అని మాత్రమే. కూలి మాటల రూపంలో ముట్టేది. అమెరికా పల్లెల్లో ఒకే తీగ మీద పది ఇళ్ళకు కనెక్షన్ ఇచ్చి, ఇంటికో తరహా గంట కేటాయించేవారు. గంట ఎవరిదైనా రిసీవర్ మాత్రం అందరూ ఎత్తేవారు. ఆ పార్టీ లైన్ల గొడవ మీద 1959లో హాలీవుడ్ వాళ్ళు ఏకంగా సినిమా తీసి పెద్ద హిట్ కొట్టారు. మనకు అంత ఇంజనీరింగు అవసరం పడలేదు. ఒక ఇంటికి ఫోనిచ్చి ఇరవై ఇళ్ళు ఆ నంబరు రాసుకుంటే సరిపోయింది.

సరిపోక ఏం చేస్తారు? 1991 నాటికి 84 కోట్ల జనాభా ఉన్న దేశంలో ఫోన్ కనెక్షన్లు అటూ ఇటుగా 50 లక్షలు. దరఖాస్తు పెట్టినవాడికి ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. అంతకు పదేళ్ళ ముందు, ఫోన్లు పనిచేయడం లేదని పార్లమెంటులో గోల చేసిన సభ్యులతో అప్పటి కమ్యూనికేషన్ల మంత్రి సి.ఎం. స్టీఫెన్ ఫోను హక్కు కాదు, విలాసమనీ, నచ్చనివాళ్ళు తిరిగి ఇచ్చేయవచ్చుననీ సెలవిచ్చినట్టు చెబుతారు. ఆ విలాసం జిల్లా పట్టణాల్లో ఎవరింట్లో మోగుతుందో ఊహించడం కష్టం కాదు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో మిర్యాలగూడలో లేచిన రైస్ మిల్లుల యజమానులు, మార్కెట్ యార్డు అడ్తిదారులు, డాక్టర్లు, వకీళ్ళు, రాజకీయాల్లో నలిగిన పెద్దమనుషులు. మిగతా ఊరంతా వాళ్ళ వరండాల్లో చెప్పులు విడిచి, హాల్లో గోడవారగా నిలబడి మాట్లాడింది. ఇక్కడే గమనించాల్సిన సంగతి ఒకటుంది. అమెరికా పార్టీ లైన్లో అందరూ అందరి మాటలూ వినేవారు. మన పి.పి. లైన్లో ఫోనున్నవాడు ఫోన్ లేనివాడి మాటలు వినేవాడు. కిరాయికున్నవాడి కొడుకు ఇంటర్ తప్పిన సంగతి ఇంటి యజమానికి తెలుస్తుంది. యజమాని మిల్లు మీద ఎంత అప్పుందో కిరాయికున్నవాడికి తెలియదు. వినికిడి ఎప్పుడూ మేడ మీంచి కిందికే ప్రవహించింది. ఈ సూత్రం ఇప్పటికీ మారలేదు, మేడ ఎత్తు పెరిగింది అంతే.

వినే కళ కూడా తక్కువదేం కాదు. రిసీవర్ చేతికిచ్చి మర్యాదగా వంటింట్లోకి వెళ్ళిపోవడం, వెళ్ళినవాళ్ళు అక్కడ గిన్నెల చప్పుడు ఆపేయడం, అప్పటిదాకా హోరెత్తిన టీవీ హఠాత్తుగా గొంతు తగ్గించుకోవడం, మాట అయిపోగానే 'అంతా కులాసేనా?' అని ఏమీ తెలియనట్టు అడగడం, ఇవన్నీ ఆ కళలో పాఠాలు. పైగదిలో పారలల్ ఫోనున్న ఇళ్ళయితే విశ్వవిద్యాలయ స్థాయి. వినబడేవాళ్ళూ అంతకు తగ్గ విద్య నేర్చారు. సంబంధం కుదిరిందని నేరుగా చెప్పరు, 'మొన్ననుకున్న పని అయింది' అంటారు. కట్నం అంకె అసలే చెప్పరు, దగ్గుతారు. ధాన్యం రేటు చెప్పాల్సినవాడు 'నిన్నటిలాగే, ఓ చెయ్యి ఎక్కువ' అని పెట్టేస్తాడు. ఇంతా చేసి ఇంట్లోవాళ్ళ చెవి తప్పించుకున్నా ఎక్స్ఛేంజి ఆపరేటర్ ఉండనే ఉన్నాడు. తన దగ్గరికి రావాల్సిన బేరాలన్నీ ఆపరేటర్లు పోటీదారుడికి కలిపేస్తున్నారని ఒళ్ళు మండి, మనిషితో పని లేని ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిని కనిపెట్టి 1891లో పేటెంట్ పొందినవాడు స్ట్రోజర్ అనే అమెరికన్. వృత్తిరీత్యా ఆయన శవసంస్కారాల కాంట్రాక్టరు. చావు కబురు కూడా మధ్యలో ఎవడో మళ్ళిస్తున్నాడన్న అనుమానం లోకానికి ఎంత మేలు చేసిందో చూడండి. ఆటోమేటిక్ వచ్చాక మనకు క్రాస్ టాక్ మిగిలింది: నల్లగొండకు తిప్పితే మధ్యలో ఎవరిదో కాపురం వినిపించేది. తరవాత 1984లో పుట్టిన సి-డాట్, శాం పిట్రోడా పుణ్యమా అని పచ్చ బోర్డుల ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. హైవే పొడుగునా సూర్యాపేట నుంచి కోదాడ దాకా అద్దాల గదులు వెలిశాయి. గదికి తలుపుంది గాని, రేటు తగ్గే రాత్రివేళ దాకా ఆగి వచ్చినవాళ్ళు ఆ తలుపుకే ఆనుకుని నిలబడేవారు.

ఇంత అన్యాయపు ఏర్పాటులో ఒక్క న్యాయం ఉంది. ఈ కాలమ్ మొత్తం ఆ ఒక్కదాని గురించే. ఫోను రాగానే ఆ ఇంటివాళ్ళు గోడ మీంచి కేకేసేవారు: 'ఏమమ్మా, మీకు ఫోనొచ్చింది!' ఆ కేకతో వీధి వీధంతటికీ ఫోనొచ్చిన సంగతి తెలిసేది, నిజమే. కానీ ముందుగా తెలిసేది ఫోను వచ్చినవాళ్ళకే. ఎవరు వింటారో, ఎక్కడ నిలబడి వింటారో, సాయంత్రానికి ఎవరికి చేరవేస్తారో కూడా తెలుసు. తెలుసు కాబట్టి దగ్గారు, మాట మార్చారు, తెల్లారి బావి దగ్గర నిలదీశారు, మరీ కోపం వస్తే నంబరు మార్చి పక్కవీధి డాక్టరు గారింటిది రాయించుకున్నారు. చెవి కనబడుతుంటే మనిషి దాంతో ఎలాగోలా బతకగలడు. వినడం కంటే, విన్నట్టు చెప్పకపోవడం పెద్ద నేరమని నా వాదన.

ఇప్పుడు ఈ వాదనను హైదరాబాద్ తీసుకెళదాం. 2024 మార్చిలో పంజాగుట్ట పోలీస్ స్టేషన్లో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు సంగతి పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఉన్న ఇంటెలిజెన్స్ విభాగంలో కూర్చుని రాజకీయ నాయకుల, వ్యాపారుల, ఇంకా ఎవరెవరివో ఫోన్లు విన్నారనీ, ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు, 2023 డిసెంబరు 4న, హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారనీ పోలీసుల ఆరోపణ. పోలీసు అధికారులు అరెస్టయ్యారు. ఆరోపణ నిలుస్తుందో లేదో కోర్టు తేలుస్తుంది, అది నా పని కాదు. నాకు ఆసక్తి కలిగించింది వేరే. తమ నంబరు కూడా ఆ జాబితాలో ఉందన్న సంగతి చాలామందికి ఎప్పుడు తెలిసింది? ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వాళ్ళు సాక్షిగా పిలిచి వాంగ్మూలం తీసుకున్నప్పుడు. అంటే ప్రభుత్వం మారి, కేసు పెట్టి, అరెస్టులు జరిగి, దర్యాప్తు ముదిరితేగానీ గోడ మీంచి కేక వినబడలేదు. ప్రభుత్వం మారకపోతే ఆ కేక కూడా ఉండేది కాదు.

చట్టం లేదా అంటారు. లేకేం, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలో 5(2) సెక్షన్ ఉండేది. పక్కనున్న కర్ణాటకలో ట్యాపింగ్ గొడవ మీదే 1988లో ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణ కూడా వ్యక్తి గోప్యతలో భాగమేనని చెప్పి, హోం శాఖ కార్యదర్శి ఉత్తర్వు లేకుండా వినకూడదనీ, ఆ ఉత్తర్వులను ఒక కమిటీ సమీక్షించాలనీ మార్గదర్శకాలిచ్చింది. 2007లో అవే 419-ఎ నిబంధనగా వచ్చాయి. కమిటీ రెండు నెలలకోసారి కూర్చోవాలి. బాగుంది. అయితే 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ తన నివేదికలో లెక్క కట్టి చూపింది: కేంద్రంలో ఆ సమీక్ష కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులు పరిశీలించాల్సి వస్తోందట. ఆఫీసు వేళంతా నీళ్ళు తాగకుండా కూర్చుని నిమిషానికి పాతిక ఉత్తర్వులు తిప్పేసినా ఇంకా మిగులుతాయి. మన ఎదురింటి పిన్ని ఎంత చేయి తిరిగిన మనిషైనా, ఒక్క కాల్ పూర్తిగా వినేదాకా రెండోదాని జోలికి పోలేదు. ఈ కమిటీకి ఆమెను సభ్యురాలిగా వేసుకుని ఉంటే పని నాణ్యత పెరిగేది.

దేశభద్రత మాటేమిటని పెద్దమనుషులు అడుగుతారు. ఉగ్రవాదిని పిలిచి 'బాబూ, నీ ఫోను వింటున్నాం' అని చెప్పాలా? అక్కర్లేదు. వినేటప్పుడు చెప్పమని ఎవరూ అడగడం లేదు, విన్నాక చెప్పమంటున్నాం. అమెరికాలో 1968 చట్టం ప్రకారం నేర దర్యాప్తు కోసం ఫోను విన్నాక, ఆ పని ముగిసిన 90 రోజుల్లోగా, విన్నామని ఆ మనిషికి నోటీసివ్వాలి. ఆలస్యం కావాలంటే కారణం చూపించి జడ్జి దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. జర్మనీలోనూ దర్యాప్తుకు చేటు లేదని తేలాక తెలియజేయాలన్నదే నియమం. ఆ రెండు దేశాలూ ఇంకా మ్యాపులో ఉన్నాయి. మనవాళ్ళు 1885 చట్టం స్థానంలో 2023లో కొత్త టెలికాం చట్టం తెచ్చారు, 2024 డిసెంబరులో దాని కింద కొత్త నిబంధనలు తెచ్చారు. పేర్లు మారాయి, కార్యదర్శులు, కమిటీలు, రెండు నెలల గడువు అన్నీ పదిలంగా ఉన్నాయి. విన్నామని చెప్పాలన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అవసరం లేని రికార్డులను ఆరు నెలలకోసారి ధ్వంసం చేయాలని మాత్రం ఉంది. గోప్యతను కాపాడటానికి పెట్టిన నియమమే అది. కాకపోతే ఫలానావాడిని విన్నారని ఎవరికీ తెలియని చోట, రికార్డు పోతే కాపాడబడేది విన్నవాడి గోప్యత.

ఇంకో అభ్యంతరం ఉంది, దాన్ని నవ్వి తోసేయలేం. ఊరి చెవులను ఇంత ముద్దు చేస్తున్నారు, ఆ చెవులు చేసిన హాని మాటేమిటని. నిజం. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న, గర్భవతి అయిన భార్యను డాక్టరుకు చూపించి ఆస్పత్రి నుంచి బయటికి వస్తున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. దళితుడై ఉండి పై కులం అమ్మాయిని పెళ్ళాడటం అతని నేరం. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పరువు పేరుతో జరిగిన ఆ హత్యకు ఫోను కారణం కాదు. కానీ పరువు అనేది నలుగురి నోట్లో తప్ప ఇంకెక్కడా ఉండే వస్తువు కాదు, ఆ నలుగురి నోళ్ళకు మేత ఏళ్ళ తరబడి వరండాల్లోనే దొరికింది. అమ్మాయికి ఎవరి దగ్గర్నుంచి ఫోనొచ్చింది, ఎంతసేపు మాట్లాడింది, నవ్విందా లేదా అన్న పట్టీ పి.పి. ఇళ్ళలో బిల్లు కంటే జాగ్రత్తగా నడిచేది. అందుకే ఆ రోజులు మంచివని నేననడం లేదు. ఊరి చెవికే ఇంత బలం ఉంటే, లాఠీ, జైలు, ఆదాయప్పన్ను చేతిలో ఉన్న చెవికి ఎంత ఉంటుందో లెక్క వేసుకోమంటున్నాను. బలహీనమైన చెవి కూడా కేకేసి మరీ విన్నప్పుడు, బలమైన చెవి మౌనంగా వినడానికి ఏ న్యాయం చూపిస్తాం?

చివరి అభ్యంతరం ఆర్టీసీ బస్సులో దొరుకుతుంది. సూర్యాపేట కొత్త బస్టాండులో ఎక్కి మిర్యాలగూడలో దిగేలోపు ముగ్గురి ఆస్తి తగాదా, ఇద్దరి సుగర్ రిపోర్టు, ఒక విడాకుల పంచాయితీ స్పీకర్ ఫోన్లో వినవచ్చు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. ఆ హక్కును మన జనం కిటికీ పక్క సీట్లో కూర్చుని గాల్లోకి వదిలేస్తున్నారు. అలాంటివాళ్ళ ఫోను ప్రభుత్వం వింటే కొంపలేం మునుగుతాయని అడుగుతారు. మునగవు, వాళ్ళు ఇచ్చిందే తీసుకుంటే. బస్సులో అరిచేవాడు తన కష్టాన్ని ఎవరికి పంచాలో తనే నిర్ణయించుకున్నాడు. ముందు సీట్లో అత్తగారి తరఫువాళ్ళు కనిపిస్తే ఆయన గొంతు ఎంత చప్పున పడిపోతుందో గమనించండి. ఆ గొంతు తగ్గించుకునే వీలే హక్కంటే. చెవి ఎక్కడుందో తెలియనివాడు గొంతు ఎక్కడ తగ్గించాలి?

అందుచేత కొత్త నిబంధనలకు ఒక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. పని ముగిసిన 90 రోజుల్లో ఒక ఉత్తరం: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మీ ఫోను విన్నాం, ఉత్తర్విచ్చింది ఫలానా అధికారి, కారణం ఇది, అభ్యంతరం ఉంటే ఫలానా కోర్టుకు వెళ్ళండి. ఇజ్రాయెల్ సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, సర్వర్లు అక్కర్లేదు. రిజిస్టర్డ్ పోస్టు చాలునని రాద్దామనుకున్నాను గానీ దాన్ని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. స్పీడ్ పోస్టయినా ఫరవాలేదు, కొంచెం ఆలస్యమైనా తీసుకుంటాం.