సూపర్‌వైజర్ కావలెను

2023 నవంబరు చివర్లో మనమంతా ఎగ్జిట్ పోల్స్ ముందేసుకుని ఎవరి కొంప మునుగుతుందో లెక్కలు వేసుకుంటున్న వారంలోనే న్యూయార్క్‌లో ఒక పెద్దాయన ఓటమికి కారణం కనిపెట్టేశారు. ఓడిన అభ్యర్థులు ఎవరైనా సరే, కత్తిరించి డైరీలో దాచుకోదగ్గ కారణం.

అప్పటి డిస్నీ అధినేత బాబ్ ఐగర్ గారి మాట ఇది. తమ మార్వెల్ స్టూడియో తీసి బోల్తా కొట్టిన 'ద మార్వెల్స్' కోవిడ్ రోజుల్లో తీసిన సినిమా అట. అప్పట్లో సెట్ మీద పర్యవేక్షణ చాలలేదట. కంపెనీ అధికార్లు రోజూ పక్కనే ఉండి ఏం తీస్తున్నారో చూస్తుండాల్సిందట, అలా చూసే వీల్లేకపోయిందట. సీక్వెల్స్ తీసినందుకు క్షమాపణ చెప్పే ఉద్దేశం లేదని కూడా అదే వేదిక మీద అన్నారు. క్షమాపణ ఎవరడిగారండీ? టిక్కెట్టు డబ్బులు ఇస్తే చాలు.

ఈ మాట వచ్చేనాటికి మా మేనల్లుడి గదిలో యుద్ధం మొదలై మూడు వారాలు. కూకట్‌పల్లిలో ముగ్గురు కుర్రాళ్లు, రెండు మంచాలు, ఒక కుక్కరు. దీపావళికి ఊరికి రమ్మంటే రాకుండా ఈ సినిమాకి పోయారు. తిరిగొచ్చిన రాత్రి నుంచి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవట్లేదు. ఒకడి వాదన ఏమిటంటే, హోంవర్కు ఎక్కువైంది. 2019లో వచ్చిన 'కెప్టెన్ మార్వెల్' చూసుంటే చాలదు, 'వాండావిజన్' చూడాలి, 'మిస్ మార్వెల్' చూడాలి. టిక్కెట్టు కొంటే సినిమాకి బదులు సిలబస్ చేతిలో పెట్టారంటాడు. రెండోవాడికి విలన్ నచ్చలేదు. పైగా జనమంతా పాటల్లో మాట్లాడుకునే గ్రహం వాడికి మింగుడుపడలేదు. (ఇది మాత్రం నేను ఒప్పుకోను. రాయబారం మొత్తం పద్యాల్లో నడిపించి, ఒకే పద్యాన్ని మూడుసార్లు పాడించుకుని తెల్లారగట్ల ఇంటికెళ్లిన జాతి మనది.) మూడోవాడు మావాడు. మిస్ మార్వెల్ వేషం వేసిన ఇమాన్ వెల్లానీ ఒక్క పిల్ల చాలురా సినిమాకి అని ఇద్దరితోనూ పోరాడుతున్నాడు. వీళ్లు కాక కింద మెస్సు ఓనరు కొడుకు ఒకడున్నాడు. ముగ్గురు ఆడవాళ్లని హీరోలుగా పెడితే ఇంతేనంటాడు. వాడు సినిమా చూడలేదు, అందుకే వాడికి సందేహాలేమీ లేవు.

ఐగర్ గారి మాట రాగానే గదిలో నిశ్శబ్దం. కథ కాదు, విలన్ కాదు, పాటలు కాదు. తక్కువైంది కుర్చీ. సెట్ మీద అధికారికి ఒక కుర్చీ వేయలేదు. ముప్పై రెండు సినిమాలు నడిచి ముప్పై మూడోది బోర్లా పడితే అమెరికాలో మొదటి మూడు రోజుల వసూళ్లు 4.6 కోట్ల డాలర్లు, మార్వెల్ చరిత్రలోనే అడుగు. ఇదంతా కుర్చీ మహత్యం.

ఈ సిద్ధాంతం నాకు కొత్త కాదు. మా బాబాయి ఊళ్లో ఇల్లు కట్టించినప్పుడు వేపచెట్టు కింద నులకమంచం వేసుకుని పొద్దున తొమ్మిదింటి నుంచి పొద్దు గుంకేదాకా కూర్చునేవాడు. మేస్త్రీ ఇటుక పెడితే చూసేవాడు, తీస్తే చూసేవాడు. ఇసుకలో నీళ్లు ఎక్కువయ్యాయనేవాడు, మేస్త్రీ నీళ్లు తగ్గిస్తే సిమెంటు ఎక్కువైందనేవాడు. ఇల్లు పూర్తయింది. డాబా మెట్లలో చివరి మెట్టు మిగతావాటి కన్నా జానెడు ఎత్తు. గృహప్రవేశం నాడు పంతులు గారు అక్కడే బోర్లా పడ్డారు. ఇప్పటికీ ఆ మెట్టుకి తన్నుకోని చుట్టం లేడు. ఇదేంటి బాబాయ్ అంటే ఒకే సమాధానం: "నేను కాఫీకి ఇంట్లోకి వెళ్లినప్పుడు కట్టేశాడ్రా వెధవ."

ఐగర్ గారూ, మీరు మా బాబాయిని ఎక్కడైనా కలిశారా?

కాబట్టి మార్వెల్ వాళ్లు ఇక కొత్త హీరో కోసం వెతుక్కోనక్కర్లేదు. సూపర్‌హీరోలోనూ సూపర్‌వైజర్‌లోనూ సూపర్ ఒకటే. ఎగిరేది ఒకడు, ఇంకా ఎగరలేదేమని అడిగేది ఇంకొకడు. వచ్చే సినిమాలో ఈ రెండోవాడే నాయకుడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో కాఫీ కప్పు, వీపున కేప్ బదులు కుర్చీకి తగిలించిన కోటు. విలన్ భూగోళాన్ని పేల్చేద్దామని చెయ్యెత్తుతాడు. మనవాడు గొంతు సవరించుకుని, "పేలుడు బాగుంది, ఇంకొంచెం పెద్దగా ఉంటే చూద్దాం, రెండు మూడు ఆప్షన్స్ పంపండి" అంటాడు. విలన్ ఆప్షన్స్ పంపుతాడు. మొదటిదే బాగుందంటాడు మనవాడు. మళ్లీ మొదటిది పంపేసరికి క్వార్టర్ అయిపోతుంది, బడ్జెట్ ల్యాప్సయిపోతుంది, భూమి బతికిపోతుంది. అంతరిక్ష కేంద్రం కూలిపోతుంటే సిబ్బందిని పిల్లికూనలతో మింగించి తరలిస్తారు కదా ఈ సినిమాలో, అక్కడ మన నాయకుడే ఉండుంటే పిల్లులకి ముందు ఫారం ఇచ్చేవాడు: ఎవరిని మింగారు, ఎన్నింటికి మింగారు, ఎన్నింటికి కక్కారు, పై అధికారి సంతకం. ఇక పేర్లన్నీ పడ్డాక వచ్చే ఆఖరి సీనులో చీకట్లోంచి ఇంకో ఆకారం నడిచొచ్చి ఒక్కటే ప్రశ్న వేస్తుంది: "ఇది ఎవరు అప్రూవ్ చేశారు?" ఆ సూపర్‌వైజర్‌కి సూపర్‌వైజర్ అన్నమాట. థియేటర్లో విజిళ్లు. మల్టీవర్సు అంతా కుర్చీలే.

అలా కుర్చీలు వేసిన సినిమాలు లేవా అంటే, ఉన్నాయి. మార్వెల్ వాళ్లవి కాదు, పక్క వీధి వార్నర్ వాళ్లవి. 2017లో 'జస్టిస్ లీగ్' తీస్తే కంపెనీ పెద్దలకి నచ్చలేదు. ఇంకో దర్శకుణ్ని తెచ్చి మళ్లీ తీయించారు, నిడివి రెండు గంటలు దాటడానికి వీల్లేదన్నారు. కుర్చీలు, కుర్చీల పక్కన కుర్చీలు. మళ్లీ తీసేనాటికి సూపర్‌మ్యాన్ వేషగాడు హెన్రీ కావిల్ 'మిషన్ ఇంపాజిబుల్' కోసం మీసం పెంచుకుని ఉన్నాడు, గీయడానికి వీల్లేదని ఆ సినిమావాళ్లు పట్టుబట్టారు. సరేనని మీసంతోనే తీసి, కంప్యూటర్‌లో మీసం చెరిపారు. తెరమీద మొదటి షాటులోనే పైపెదవి కదిలీ కదలక, పంటి వైద్యుడి దగ్గర మత్తు దిగనివాడిలా సూపర్‌మ్యాన్ నవ్వాడు. గ్రహాంతర శత్రువుని ఓడించారు గానీ అంతమంది అధికార్లు కలిసి ఒక మీసాన్ని పర్యవేక్షించలేకపోయారు. నాలుగేళ్ల తరవాత మొదటి దర్శకుడి నాలుగు గంటల కూర్పే విడుదల చేశారు. అభిమానులు అదే బాగుందన్నారు.

పోనీ కోవిడ్‌లో తీస్తే సినిమాలు పోతాయా? 'స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్' తీసిందీ ఆ మాస్కుల రోజుల్లోనే, నిర్మాతల్లో మార్వెల్ వాళ్లూ ఉన్నారు. ప్రపంచమంతా కలిసి 190 కోట్ల డాలర్లు పోసింది. అప్పుడు పర్యవేక్షణ లేకపోవడం వల్లే ఇంత బాగా ఆడిందని ఎవరూ ప్రెస్‌మీట్ పెట్టలేదు.

ఇంతకీ 'ద మార్వెల్స్' కథలో కిటుకు గుర్తుందిగా. ముగ్గురిలో ఇద్దరు ఒకేసారి శక్తి వాడితే ఒకరి చోట్లోకి ఇంకొకరు మారిపోతారు. అంతరిక్షంలో ఉన్నావిడ న్యూజెర్సీలో ఒకరి బట్టల అలమరలో తేలుతుంది. కథ అర్థం కాలేదని తిట్టుకున్న అభిమానులారా, ఇంతకన్నా నిజమైన కథ ఆ కంపెనీ ఎన్నడూ తీయలేదు. సినిమా ఆడితే వేదిక మీద ఉండేది పైవాళ్లు, పోతే తటాలున చోట్లు మారిపోయి అక్కడ దర్శకురాలు తేలుతుంది. ఆవిడ పేరు నియా డకోస్టా. మార్వెల్ సినిమాకి దర్శకత్వం వహించిన మొదటి నల్లజాతి మహిళ. ఇది నిర్మాత కెవిన్ ఫైగీ సినిమా, ఆ వాస్తవంలోనే మనం బతకాలని విడుదలకు ముందే చెప్పుకుంది పాపం. ఐగర్ గారు ఆవిడ పేరు ఎత్తలేదు నిజమే. ఎత్తక్కర్లేదు. సెట్ మీద ఎవరూ చూడలేదంటే సెట్ మీద ఎవరుంటారో మెస్సు ఓనరు కొడుక్కి కూడా తెలుసు. మర్నాడు వాడి మొహంలో వెలుగు చూడాలి. చూశావా అంకుల్, వాళ్లే ఒప్పుకున్నారన్నాడు.

ఇక హాస్యం చాలు.

ఆ సినిమా షూటింగు మొదలైంది 2021లో. 2020 ఫిబ్రవరిలో ఐగర్ గారు సీఈఓ కుర్చీ దిగి ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు. కంపెనీలో సృజన వ్యవహారాలు చూసుకోవడమే ఆ కుర్చీ పని అని అప్పుడే ప్రకటించారు. 2021 డిసెంబరు చివరిదాకా ఆ కుర్చీ ఆయనదే. కాఫీకి వెళ్లిందెవరో ఇప్పుడు చెప్పండి.

2023 జులైలో ఇదే పెద్దాయన తన కాంట్రాక్టు 2026 దాకా పొడిగించుకున్నారు. ఏడాదికి కోట్ల డాలర్లు రాగల కాంట్రాక్టు. ఆ మర్నాడే టీవీలో కూర్చుని, రచయితలూ నటులూ అడుగుతున్నవి జరిగే పనులు కావని తీర్పు చెప్పారు. నటులు 118 రోజులు సమ్మె చేశారు. సమ్మె ముగిసిన రోజుకి మర్నాడే ఈ సినిమా విడుదలైంది, అప్పటిదాకా ప్రచారానికి నటులే లేరు. అది ఆయన లెక్కలోకి రాలేదు. సెప్టెంబరులో మార్వెల్ సొంత వీఎఫ్‌ఎక్స్ సిబ్బంది యూనియన్ కోసం ఓటేస్తే వ్యతిరేకంగా ఒక్క ఓటు పడలేదు. మనుషులు అలా ఒక్కమాట మీద ఎప్పుడు నిలబడతారో తెలియనంత చిన్న ఉద్యోగమేం కాదు ఆయనది. డిసెంబరు మొదటి ఆదివారం నుంచి సినిమా విదేశీ వసూళ్లు ప్రకటించడం కూడా ఆపేశారు. నష్టం ఎంతో చెప్పరు, తప్పు ఎవరిదో మాత్రం చెబుతారు.

పర్యవేక్షణ చాలలేదా? మా మేనల్లుడిని అడగండి. గదిలో మార్వెల్ కోసం కొట్టుకు చచ్చే ఆ కుర్రాడు చేసే ఉద్యోగం రోటో. తెరమీద మనిషి చుట్టూ గీత గీయడం. సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు, ప్రతి ఫ్రేములో వెంట్రుక వెంట్రుకకీ గీత. హీరోయిన్ జుట్టు గాలికి ఎగిరితే మనం అబ్బా అంటాం, వాడు అమ్మో అంటాడు. వాడి మీద లీడు, లీడు మీద సూపర్‌వైజరు, ఆయన మీద కోఆర్డినేటరు, సముద్రం అవతల స్టూడియోలో ఇంకో సూపర్‌వైజరు, వాళ్లందరి మీద క్లయింటు. అక్కడ పొద్దున్నయితే ఇక్కడ రాత్రి. చెవి దగ్గర వెంట్రుక వణుకుతోందని షాటు కిక్‌బ్యాక్ అయి వెనక్కొస్తుంది. సరిచేసి పంపేలోగా పైన ఎవరో మనసు మార్చుకుని ఆ షాటే తీసేస్తారు. గీసిన రాత్రులు తిరిగిరావు. 'లైఫ్ ఆఫ్ పై'లో పులిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్‌కి ఇదే హైదరాబాద్‌లో స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, అదే నెలలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. వేదిక మీద ఆ మాట ఎత్తబోతే మైకు కట్ చేసి సంగీతం వాయించారు. అంత నిశితమైన పర్యవేక్షణ.

మొన్న వాడితో పాటు నేనూ వెళ్లాను, ఇంకేదో సినిమాకి. శుభం పడగానే జనం లేచారు, రూమ్మేట్లు బండి తీయడానికి వెళ్లిపోయారు. వాడు మాత్రం కదల్లేదు. పేర్లు పైకి పోతూనే ఉన్నాయి. ఆఖరి సీను కోసం కూర్చున్నాడనుకుని నేనూ కూర్చున్నాను. ఆ సినిమాకి ఆఖరి సీను లేదు. వాడు చూస్తున్నది వాడి పేరు కోసం. ఇప్పటికి నాలుగు సినిమాలకి పనిచేశాడు. ఒక్కదాంట్లోనూ లేదు.