నన్ను ఎక్కడ ఖాళీ చేస్తారు?

పెళ్లికి పోయే కారైనా సరే, వెనక నుంచి నేను హారన్ కొడితే పక్కకు తప్పుకోవాల్సిందే. వరంగల్, హనుమకొండ, కాజీపేట గల్లీల్లో తిరిగే సెప్టిక్ ట్యాంకు బండిని నేను. లారీ మీద ఇనుప ట్యాంకు, పక్కన వాక్యూమ్ పంపు, చుట్ట చుట్టిన లావుపాటి పైపు, వెనక కింద ఒక వాల్వు. నా కథంతా ఆ వాల్వు దగ్గరే ఉంది.

నింపుకోవడంలో విశేషమేమీ లేదు. బండ జరుపుతారు, పైపు దించుతారు, పంపు వేస్తారు. పంపు నా కడుపులో గాలి లాగేస్తుంటే ఆ ఖాళీలోకి మురుగు ఎగబాకుతుంది. గేజి ముల్లు వణుకుతుంది. పైనున్న నీళ్లు సులువుగానే వస్తాయి. ఏళ్ల తరబడి అడుగున గడ్డకట్టిన మడ్డి మొండికేస్తుంది. నీళ్లు కొట్టి, కర్రతో కలిపి మళ్లీ లాగాలి. అంతేగానీ మనిషిని లోపలికి దించొద్దు. అలా ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కనబెట్టినా, లోపలి విషవాయువు ఎవరినీ వదలదు. రెండు మూడేళ్లకోసారి తీయించాలంటారు ఇంజినీర్లు. మాకు ఫోను వచ్చేది మాత్రం బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నిన రోజే, అదీ పండుగ ముందు.

"ట్రిప్పుకు ఎంత తీస్కుంటవ్ తమ్మీ?" అని ప్రతి ఇంట్లో అడుగుతారు. "దాన్ని ఏడ వోస్తవ్?" అని అడిగేవాళ్లు అరుదు.

వెనకటి రోజుల్లో అడిగినా డ్రైవర్ చెప్పగలిగేవాడు కాదు. నగరమంతా సెప్టిక్ ట్యాంకుల మీదే బతుకుతుంటే, నిండిన బండికి మాత్రం పోవడానికి చోటు ఉండేది కాదు. చీకటి పడ్డాక ఏ నాలా ఒడ్డునో, ఏ బీడులోనో నా వాల్వు తిప్పేవారు. కాకతీయులు ఇక్కడ గొలుసుకట్టు చెరువులు కట్టారు. ఒకటి నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు చేరేలా అమర్చారు. ఆ తెలివే ఇప్పుడు మురుగుకు దారి చూపిస్తోంది. ఒక నాలాలో పడ్డది అక్కడే ఆగదు, దిగువ చెరువుకు చేరుతుంది. 2024 నవంబరులో పూడికతీత కోసం నగరంలోని భద్రకాళి చెరువు నీళ్లు వదిలేశారు. గట్టు మీద షికారుకొచ్చేవాళ్లకు అప్పటిదాకా కనిపించింది పైన పరుచుకున్న గుర్రపుడెక్క మాత్రమే.

2016లో గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ మల వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. దేశంలో ఇలాంటివి తెచ్చిన మొదటి నగరం మనదే అంటారు. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా (ఆస్కీ) సాయం చేసింది. మా బండ్లకు లైసెన్సులు, మావాళ్లకు శిక్షణ, చేతులకు గ్లౌజులు వచ్చాయి. మరుసటి ఏడు అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రం మొదలైంది. మొదట్లో రోజుకు 15 వేల లీటర్లు దాని సామర్థ్యం. నీటిని వేరు చేసి, మడ్డిని ఆరబెట్టి, గాలి సరిగా తగలనివ్వకుండా కాల్చి బొగ్గులా మారుస్తారు. ఆ వేడినే తర్వాతి మడ్డి ఆరబెట్టడానికి వాడతారు. నన్నడిగితే, శిక్షణ తరగతుల కన్నా ఆ కేంద్రం గేటే ఎక్కువ నేర్పింది. పోయడానికి చోటు చూపించాక కదా, నాలాలో పోయొద్దంటే మనిషి వినేది!

ఈ మాటే ఒకసారి హనుమకొండలో ఇంకో రూపంలో విన్నాను. నేను మడ్డి లాగుతుంటే, సియాటిల్ నుంచి సెలవులకొచ్చిన ఆ ఇంటి కొడుకు మా డ్రైవర్‌కు కబుర్లు చెబుతున్నాడు. అక్కడ సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో షికారు పడవలు లెక్కలేనన్నట. పడవలోనే మరుగుదొడ్డి, దానికి నాలాంటి చిన్న ట్యాంకు. 2018 మే నుంచి ఆ పాయలో పడవల మురుగు వదలడం నిషేధం, శుద్ధి చేసినా సరే. ఆల్చిప్పలు పెరిగే నీళ్లు మరి. సముద్రంలోకి తెరుచుకునే వాల్వును మూసి, కదలకుండా తాళమో ప్లాస్టిక్ పట్టీయో వేయాలట. రేవులో పంపు పెట్టి ట్యాంకు ఖాళీ చేస్తారు, చాలాచోట్ల ఉచితంగా. వాషింగ్టన్ సీ గ్రాంట్ అనే సంస్థ, పంపు పైపుకు సరిపోయే అడాప్టర్‌ను పడవలవాళ్ల చేతిలో ఊరికే పెట్టి, దాంతోపాటే పాఠమూ చెబుతుందట. ఉత్త కరపత్రమైతే నీళ్లలో పడేసేవాళ్లేమో!

"మా దగ్గర గిట్ల పట్టీలు కడ్తె తెంపేటోళ్లు గూడ ఉంటరు సార్" అన్నాడు మా డ్రైవర్. నిజమే. అమ్మవారిపేట దూరం, డీజిలు ఖర్చు. ఆ ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

మొన్న ఒకాయన బేరానికి దిగాడు. "అంత దూరమెందుకు పోతవ్? ఎనకనే నాలా ఉన్నది గద. డీజిలు పైసలు తగ్గియ్యి."

"మీ బోరు ఎన్ని ఫీట్లున్నదన్నా?" అనడిగాడు డ్రైవర్.

ఆయన నాలా మాట మళ్లీ ఎత్తలేదు. రెండొందలు తగ్గించేదాకా వదల్లేదు కూడా.