పేపరు దిద్దుకున్న రేడియో

సెల్‌ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ ఇక మరమ్మతు మార్కులు వేయాలట. ఐదుకు ఎన్ని వచ్చాయో కొనేముందే డబ్బా మీది క్యూఆర్ కోడ్‌లో చూసుకోవచ్చట. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖకు 2025 మే 3న కమిటీ ఇచ్చిన ‘రిపేరబిలిటీ ఇండెక్స్’ నివేదిక సంగతి మీరూ చదివే ఉంటారు. ముచ్చటగానే ఉంది. ఇంతకీ మార్కులు ప్రకటించేదెవరయ్యా అంటే, ఆ ఫోను చేసిన కంపెనీయే!

ఇంత సులువైన ఉపాయం నాంపల్లి విద్యాభవన్‌లోని ఇంటర్ బోర్డుకు ఇన్నేళ్లూ ఎందుకు తట్టలేదో మరి. పిల్లల పేపర్లు పిల్లలకే ఇచ్చి దిద్దుకొమ్మంటే రీకౌంటింగుల గొడవే ఉండేది కాదు.

ఈ కబురు లక్డీకాపూల్‌లో మా ఇంటి మర్ఫీ రేడియో చెవిన పడింది. నా మార్కులు నేనూ వేసుకుంటానని పట్టుబట్టింది. నిజానికి అది ఇప్పుడు రేడియో కాదు. పాత సరుకంతా తీసేశాక ఆ టేకు పెట్టెలో వాల్వ్ యాంప్లిఫయర్ కట్టించాం. వచ్చిన సిగ్నల్‌ని పెంచడానికి ఒక ఈసీసీ83, స్పీకరును ఆడించడానికి ఒక ఈఎల్84, ఏసీని డీసీ చేయడానికి ఒక ఈజడ్80. అన్నీ కలిసి చెమటోడిస్తే వచ్చేది ఐదు వాట్లు. ఒకప్పుడు అరచేతిలో పట్టే స్పీకర్ల మీద ‘1000 వాట్స్ పీఎంపీఓ’ అని ఎవరికి వారే అచ్చేసుకున్నారు చూడండి, స్వీయ ప్రకటన మహిమ అప్పుడే తెలిసిపోవలసింది.

పేపరు ముందేసుకుని మొదలెట్టింది. విప్పడం తేలికేనా? వెనక అట్టకు నాలుగు స్క్రూలు, అంతే. ఐదు. సమాచారం? సర్క్యూట్ కాగితం పెట్టె లోపలే అంటించి ఉంది. ఐదు. విడిభాగాలు? వాల్వు పోతే బేసులోంచి చేత్తో లాగి ఇంకోటి గుచ్చడమే. కండెన్సరు కావాలంటే కోఠి గుజరాతీ గల్లీ. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే తీగ మళ్లీ చుట్టిస్తారు. ఐదు. పనిముట్లు? స్క్రూడ్రైవరు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటరు. ఐదు. చివరి ప్రశ్న దగ్గర మాత్రం కాసేపు గరగరలాడింది: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు? ఆలోచించి, ‘కిందటి దసరాకు దుమ్ము దులిపారు’ అని రాసి అక్కడా ఐదు వేసుకుంది.

ఒక్కటి మాత్రం రాయలేదు. లోపల 250 వోల్టులుంటాయి. స్విచ్ ఆపేశాక కూడా కండెన్సర్లు కొంతసేపు ఆ కరెంటును దాచుకునే ఉంటాయి. తెలియక చెయ్యి పెడితే ప్రాణాల మీదికొస్తుంది. అదేమని అడిగితే, పేపర్లో ఆ ప్రశ్న లేదంది.

ఇప్పుడు దానికి లక్డీకాపూల్ మెట్రో స్టేషన్ కింద ఫ్లెక్సీ కావాలి. కార్పొరేట్ కాలేజీలు టీవీలో ర్యాంకులు అరిచినట్టు ‘ఐదు! ఐదు! ఐదు! ఐదు!’ అని 738 కిలోహెర్ట్జ్ మీద రోజంతా ప్రకటన కావాలి. ట్యూనర్ పీకేసి చాలా రోజులైందని దానికి చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు.

రేడియో ఎన్ని వేసుకున్నా పోయేదేమీ లేదు, నాలుగు స్క్రూలు విప్పితే బండారం బయటపడుతుంది. ఫోను అలా కాదు. ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్లో మెకానిక్ కుర్రాళ్లను చూడండి. బ్యాటరీని జిగురేసి అతికిస్తే, వేడి చేసి, వేళ్లు కాల్చుకుని ఊడదీస్తున్నారు. సర్క్యూట్ కాగితం ఇచ్చే దిక్కులేదు. అదే కంపెనీ ఫోన్లోంచి తీసిన అసలు స్క్రీన్ బిగించినా ‘గుర్తు తెలియని భాగం’ అని తెర మీద బెదిరించే ఫోన్లున్నాయి. డబ్బు మనది, వస్తువు మనది, తాళం మాత్రం కంపెనీవాడి దగ్గరే. బాగు కాకుండా చేసి అమ్మినవాడినే పిలిచి, ‘ఏమయ్యా, ఎంత బాగవుతుంది?’ అని అడగడానికి ఒక కమిటీ, దానికో నివేదిక!

మార్కులు వేయించాలంటే ఆ మార్కెట్లో వేయించండి. కొత్త మోడల్ వచ్చిన రోజే తెచ్చి ఆ కుర్రాడి బల్ల మీద పెట్టండి. వాడు విప్పలేకపోతే సున్నా వేసి, ఆ సున్నాను క్యూఆర్ కోడ్‌లో దాచకుండా ధర పక్కనే అంతే పెద్ద అక్షరాలతో అచ్చేయండి.