‘నూరువరహాలు పూసిందే!’ – టీకా తాత్పర్య సహితం

మూలం: “అమ్మాయ్, నూరువరహాలు పూసిందే!”

అవతారిక: ఆత్రేయపురంలో ఒక పెంకుటింటి అరుగు మీద కాఫీ గ్లాసుతో కూర్చున్న మామ్మగారు, వంటింట్లో ఉన్న కోడలితో పొద్దున్నే అన్న మాట ఇది. యతి లేదు, ప్రాస లేదు. అయినా వావిళ్లవారి ప్రతుల్లో పద్యం కింద ప్రతిపదార్థం చదువుతూ పెరిగిన టీకాకారుడి చెవిన పడింది కనుక దీనికి మోక్షం లేదు.

ప్రతిపదార్థం: అమ్మాయ్ = ఓ కోడలా (గోదావరి సీమలో కూతురికీ కోడలికీ పిలుపు ఒకటే; భేదము గొంతును బట్టి తెలియదగును); నూరు = వంద అను సంఖ్య గల; వరహాలు = బంగారు నాణెములు (కలది); పూసిందే = పుష్పించినదే.

వ్యాకరణం: సంఖ్య ముందుంది కనుక ద్విగు సమాసమని తొందరపడేవాళ్లు ఉంటారు. ద్విగువే అయితే వరహాలు బహువచనం, క్రియ ‘పూశాయి’ కావాలి. మామ్మగారు ‘పూసింది’ అన్నారు. నూరు వరహాలు కలది ఏదో, అది పూసింది. అంటే బహువ్రీహి. అన్యపదార్థం గుమ్మం పక్కనున్న మొక్క. బాలవ్యాకరణం ముట్టుకోకుండానే ఆవిడ సమాసం సరిగ్గా వేశారు.

పూర్వపక్షం: గుత్తిలో పూలు లెక్కపెడితే అరవై దాకా తేలతాయేమో గానీ నూరెక్కడ? వరహా పచ్చన, పువ్వు ఎరుపు. వరహా గుండ్రన, పువ్వుకేమో నాలుగు రోడ్ల కూడలిలా నాలుగే రేకులు. సమాధానం: నూరంటే ఇక్కడ బోలెడని. నూరేళ్లు బతకమని దీవించినవాళ్లు పంచాంగం పట్టుకుని కూర్చోరు కదా. రంగు మాటకొస్తే, పసుపుపచ్చగా పూసే రకమూ ఉంది. అడిగింది ఎర్ర రకం గురించి, చూపించింది పసుపు రకాన్ని. ఇలా తప్పుకోవడం కూడా వ్యాఖ్యాన సంప్రదాయంలో భాగమే.

ఇక ‘వరహా’. వరాహ ముద్ర వల్ల నాణేనికి ఆ పేరు. ఆ ముద్రకు గోదావరితో పాత చుట్టరికం ఉంది: వేంగి చాళుక్యుల లాంఛనం వరాహమే. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడివీ (1022–1061), ఆయన పెదతండ్రి శక్తివర్మవీ బంగారు నాణేలు సముద్రం దాటి బర్మాలోని అరకాన్ తీరాన, చెదుబా దీవిలో దొరికాయి. పలుచని బంగారు రేకు, నడుమ వరాహం, చుట్టూ రాజు పేరు. తర్వాత విజయనగరం వరహా సుమారు 3.4 గ్రాముల బంగారం. ఆ లెక్కన నూరు వరహాలంటే 340 గ్రాములు, కోనసీమ కొలతలో 42 కాసులు పైమాటే. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ వరహాను పక్కనపెట్టి రూపాయిని నిలబెట్టినప్పుడు ఒక్కో వరహాకు మూడున్నర రూపాయలు కట్టారు. అప్పుడు మొక్క మొత్తం విలువ 350 రూపాయలు. ఇంతటి ఆస్తి ఏ తాళమూ లేకుండా వీధి గోడ పక్కన నిలబడి ఉంది.

పేరులో విష్ణువు అవతారం ఉంది కనుక ఇది వైష్ణవ పుష్పమని తేల్చబోతే లిన్నేయస్ అడ్డొస్తాడు. 1753లో ఆయన దీన్ని ‘ఇక్సోరా’ అని రాసుకున్నాడు. ‘ఈశ్వర’ పోర్చుగీసు నోట్లో పడితే వచ్చిన రూపం అది. తెలుగులో వరాహమూర్తి, లాటిన్‌లో శివుడు! హరిహరనాథుడికి భారతం అంకితమిచ్చిన తిక్కన చూసి ఉంటే సంతోషించేవాడు. కుటుంబం మాత్రం కాఫీది. మామ్మగారి చేతిలోని గ్లాసుకూ ఎదుటి మొక్కకూ రక్తసంబంధం ఉందన్నమాట.

ఇదే పువ్వు తమిళ సంగ సాహిత్యంలో ‘వెట్చి’. శత్రువుల పశువుల్ని తోలుకురావడానికి వెళ్లే వీరులు దాన్ని ధరించారు. సురినామ్‌లో ‘ఫాయా లోబి’, మండే ప్రేమ, ఆ దేశపు జాతీయ పుష్పం. ఒకచోట దాడి, ఒకచోట ప్రేమ. తెలుగువాళ్లకు డబ్బు కనిపించింది.

శ్లేష: ‘పూయు’ ధాతువు వికసించడానికీ పులమడానికీ ఒకటే. ఆ అర్థభేదం ఈ ఊళ్లో ఇంటింటా పొయ్యి మీద కనిపిస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకు మంట. బియ్యపు పిండి పల్చగా కలిపి, అందులో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి పూస్తే క్షణంలో రేకు లేస్తుంది. నెయ్యి, పంచదారో బెల్లపు పొడో వేసి మడిస్తే పూతరేకు. 2023లో దానికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. చాళుక్యుల నాణెం రేకు, పువ్వుది రేకు, కుండ మీద లేచేది రేకు. ఇంత శ్లేష కోసం ప్రబంధకవులు రాత్రుళ్లు నిద్ర మానుకున్నారు.

విశేషాంశం: మొక్క కావాలంటే బొబ్బర్లంక మీదుగా కాటన్ ఆనకట్ట దాటి కడియం నర్సరీలకు వెళ్లాలి. కొమ్మ గుచ్చితే వేరు తొడుగుతుంది. నేలలో సున్నం పాలు ఎక్కువైతే ఇనుము అందక ఆకులు పసుపెక్కిపోతాయి. నూరు బంగారు నాణేలున్న ఇంట్లో ఇనప మేకు కరువన్నట్టు. పిల్లలకు ఇవేవీ పట్టవు: పువ్వు తుంపి, మధ్య ఈనె లాగి, చివర మెరిసే తేనె చుక్క నాలిక మీద వేసుకుంటారు. ఒక పువ్వు కాడను ఇంకో పువ్వులో దూర్చి దారం లేకుండా దండ చేస్తారు.

పాఠాంతరం: మాటల్లో హకారం జారి ‘నూరువరాలు’ అనేవాళ్లూ ఉన్నారు. ఈ పాఠం ఒప్పుకుంటే చాళుక్యులు, కాసులు, 1818 అన్నీ గోదాట్లో కలుస్తాయి కనుక టీకాకారుడికి రుచించలేదు. ఏది సరైన పాఠమో మామ్మగారినే అడుగుదామని లేచాడు. ఆవిడ అప్పటికే రెండు గుత్తులు తుంపుకుని దేవుడి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు.