ధాన్యం ధర తెచ్చు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: ధాన్యం_ధర (ఊరు, తేదీ): ఊళ్లోని ధాన్యం ధర తెచ్చును.

అవతారిక: సాఫ్ట్‌వేర్ పనిముట్టును తయారుచేసినవారు దాని మెడలో కట్టే ఇటువంటి వాక్యాన్ని వివరణ అంటారు. ఈ మూలం ఏ గ్రంథంలోనిదీ కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల వడ్ల వ్యవహారానికి ఎవరైనా తొందరలో రాయదగినది. దీని పాఠకుడు ఏఐ ఏజెంటు. ఏజెంటు అనగా యార్డులో కాంటా దగ్గర నిలబడే కమీషన్ ఏజెంటు కాదని ఈ ప్రాంతం వారికి ముందుగా మనవి. మనుషుల మాటల్లో పని చెబితే, వివరణలు చదివి తగిన పనిముట్టును తానే ఎంచుకొని తానే నడిపే ప్రోగ్రామ్ అని అర్థం. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ వెలువరించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒడంబడిక ప్రకారం పనిముట్టుకు ఒక పేరు, ఒక వివరణ, దానికి అందించవలసిన వాటి పట్టిక ఉంటాయి. లోపలి కోడ్ ఏజెంటుకు సాధారణంగా కనబడదు కనుక ఈ మూడే దానికి వేదం.

ప్రతిపదార్థం: ఊరు = గ్రామం లేదా పట్టణం. సూర్యాపేట అన్న మాట పట్టణానికీ, మండలానికీ, 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జిల్లాకూ చెల్లుతుంది. కోదాడ ఆ జిల్లాలో చేరగా మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మిర్యాలగూడెం అని రాసినా అది ఈ ఊరేనని మనిషికి తెలుసు, ధరల పట్టికకు తెలియదు.

తేదీ = దినం. 03-04-2025 అన్నది ఇక్కడ ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. యాసంగి వరికి ఈ రెంటి మధ్య పచ్చని పైరుకూ కోత మిషనుకూ ఉన్నంత దూరం ఉంది.

ధర = వెల. దేనికి, ఎంతకు అన్నది మూలకారుడు మింగేశాడు. క్వింటాలైతే నూరు కిలోలు, పేచీ లేదు. బస్తా అంటేనే చిక్కు: ఆంధ్ర వైపు లెక్కలో అది 75 కిలోలు, తెలంగాణ కొనుగోలు కేంద్రంలో నింపే సంచి 40 కిలోలు, కోదాడ దాటి కాస్త దూరం పోతే రాష్ట్రమే మారుతుంది కనుక రెండు బస్తాలూ ఒకే రోడ్డు మీద ఎదురుపడతాయి. 2025-26 వానాకాలానికి సాధారణ రకం మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఆ లెక్కన నూరు బస్తాల విలువ ఒకచోట 1,77,675 రూపాయలు, మరొకచోట 94,760. మిర్యాలగూడ రైస్ మిల్లులో నిన్న చేరిన గుమాస్తా అయినా ధర ఎంతని అడిగితే ‘సన్నాలా, దొడ్డువా? తేమ 17 శాతం లోపేనా?’ అని ఎదురడుగుతాడు. ఏజెంటు తరచుగా అడగదు. తోచిన బస్తాను ఎంచుకొని, సందేహం లేని గొంతుతో జవాబిస్తుంది.

తెచ్చును = తెలుపును అని మూలకారుడి ఉద్దేశం. అయితే ‘మంచి ధర తెచ్చాడు’ అని తెలుగువారు సరుకు అమ్మిపెట్టిన వాణ్ణి మెచ్చుకుంటారు కాబట్టి, ఈ పనిముట్టు వడ్లను అమ్మివేస్తుందని అన్వయించినా వ్యాకరణం అడ్డురాదు. చూసే పనిముట్టుకూ మార్చే పనిముట్టుకూ ఒకే క్రియ వాడడం వివరణలు రాసే శాస్త్రంలో మహాదోషం.

తాత్పర్యం: ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక రోజున దేనికో ఎంతకో ఒక అంకె వచ్చును.

విశేషం: ఖాళీ ఫలితానికి అర్థమేమిటని శంక. ఉదాహరణకు, రైళ్ల వేళలు చెప్పే పనిముట్టును సూర్యాపేట గురించి అడిగితే ఏమీ రాదు, ఎందుకంటే పట్టణానికి రైల్వే స్టేషనే లేదు, కోదాడకూ అంతే. బీబీనగర్–నడికుడి మార్గంలోని మిర్యాలగూడకు స్టేషన్ ఉంది గనుక, అక్కడ ఏమీ రాకపోతే తప్పు పనిముట్టుదే. రెండు ఖాళీలనూ వేరు చేసి చెప్పని వివరణను నమ్మిన ఏజెంటు మిర్యాలగూడలోనూ రైళ్లు లేవంటుంది. అట్లని అన్నీ కుక్కి పదిపేజీలు రాసినా కుదరదు, ఏజెంటు ఒక విడతలో మనసులో ఉంచుకోగలిగినదానికి హద్దు ఉంది. మెదక్ జిల్లా కొల్చారానికి చెందిన మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ పెట్టుకున్న నియమం ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. తేడా ఒక్కటే: ఆయన పాఠకుడు సందేహం వస్తే గురువు దగ్గరకు పోగలడు.

సవరించిన పాఠం: యార్డు_వడ్ల_ధర (యార్డు, తేదీ): మార్కెట్ యార్డులో ఆ రోజు వడ్లు అమ్ముడైన కనిష్ఠ, గరిష్ఠ ధరలను క్వింటాలుకు రూపాయల్లో చూపును. అమ్మదు, కొనదు, నమోదు చేయదు. యార్డు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఒకటి. తేదీ: సంవత్సరం-నెల-రోజు, ఉదాహరణకు 2025-04-03. యార్డుకు సెలవైతే ‘సెలవు’ అని, సమాచారం రాకపోతే ‘అందలేదు’ అని చెప్పును. మద్దతు ధరకు ఇది పనికిరాదు.

ఈ పాఠం స్థిరపడితే టీకాకారుడి జీవనోపాధికి భంగం కలుగుతుందని కొందరి ఆందోళన. అది నిరాధారం, వడ్లు అన్నచోట సన్నాలో దొడ్డువో ఇందులోనూ చెప్పలేదు.